ఆయిల్ తాగే బండి

తమ్ముడు చెరకు చేలో తిరగడానికి ఏటీవీ కొన్నప్పటినుంచి, ఆ నాలుగు చక్రాల బండి అన్నకు కంట్లో నలుసులా తయారైంది.

"మల్ల ఆయిల్ పోస్తున్నవా తమ్మీ? తాగుబోతు బండి కొన్నవ్."

"ఊకె తగ్గుతుందన్నా."

"చిక్కటి ఆయిల్ పొయ్యి. లేకుంటె అమ్మెయ్."

"బోధన్‌ల మెకానిక్‌కు సూపిచ్చిన. ఇంజన్ మంచిగనే ఉందట. బురదల ఎవలో బండిని సతాయిస్తున్నరట, గందుకే తాగుతుందట."

"నువ్వే సతాయిస్తుంటవ్."

"నా చేన్ల బురద యాడిదన్నా? చక్రంల పసుపాకు ఇరికింది. ఈడ పసుపేసింది నువ్వొక్కనివే."

అన్న చక్రం వైపు చూడలేదు.

"రేపు పొద్దుగాల తోలేముందు ఆయిల్ సూస్కో అన్నా. తాళంచెవి గూట్లనే ఉంటది."

తమ్ముడు తాళంచెవి దాచిపెట్టినా బాగుండేది, అనుకున్నాడు అన్న. కనీసం వాణ్ణి తిట్టుకోవడానికి ఓ సాకు దొరికేది.