పదహారో నంబరు చొక్కా

"పెద్ద గొప్పేమీ కాదు టీచర్, ఒక్క పెనాల్టీ ఆపాను, అంతే," అని మొదలుపెట్టాడు చిషాలా.

ఎనెలెసి అనే ఆవిడ ముంకోయో, అదే పులిసిన మొక్కజొన్న గంజి, అమ్మే కుండ చుట్టూ చేరి తాగుతున్న నలుగురికీ అర్థమైపోయింది, ఇవాళ తొందరగా ఇంటికి పోవడం కుదరదని. అయితే ఈసారి అతను ఊరికే కోతలు కోయడం లేదు. ముఫులిరా గని కాలనీ ఆడపిల్లల జట్టుకి గోల్‌కీపింగ్ నేర్పే మనిషి కోసం న్కాండు టీచరు వారం నుంచీ వెతుకుతోంది. ఇప్పుడు అతని ఎదురుగానే, గ్లాసు ముట్టకుండా కూర్చుని ఉంది. గని జట్టు వదిలి ఇరవై ఏళ్ళయినా చిషాలాకి కలల్లో గోలుపోస్టులే కనిపిస్తాయి. ఆ పని కావాలి అతనికి. అడగడం చేతకాదు. కొయ్యడం చేతనవును.

"కాలి బొటనవేలితో ఆపాను. ఆ బంతి ఊరుకుందా? వెనక్కి తిరిగి, కొట్టినవాణ్ణే గుండెల మీద గుద్ది, వాణ్ణి మోసుకుంటూ పోయి అవతలి గోల్లో పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వాడికి పెళ్ళయింది," అన్నాడు బొగ్గులమ్మే ముసోండా.

"నవ్వరా, నవ్వు. ఇంకో మ్యాచ్‌లో పిడికిలితో ఒక్కటి పొడిచాను, బంతి స్టేడియం దాటి, సరిహద్దు దాటి కాంగోలో పడింది. కాగితాల్లేవని అక్కడి వాళ్ళు మూడు వారాలు లోపలేశారు దాన్ని!"

"అక్కడి ఫ్రెంచి వచ్చేసుంటుంది దానికి పాపం," అన్నాడు మళ్ళీ ముసోండా.

"రెండేళ్ళు ఒక్క గోల్ పడనివ్వలేదు టీచర్. వల కదిలితే ఒట్టు. గిజిగాళ్ళొచ్చి అందులో గూళ్ళు కట్టి పిల్లల్ని పెట్టాయి. వడగళ్ళవాన పడిన రోజయితే మైదానమంతా తెల్లగా అయిపోయింది, నా గోల్ గీత లోపల మాత్రం పొడినేల. ఒక్క రాయిని దాటనిచ్చానా?"

మగవాళ్ళ నోటికి గోల్‌కీపరు ఉండడు. ఎనెలెసి గరిటె కుండలో పడేసింది.

"పన్నెండేళ్ళు మీ జట్టు బట్టలు ఉతికినదాన్ని, నా ముందా నీ కోతలు? ఒకటో నంబరు కీపరు చొక్కా మోచేతులు ప్రతి ఆదివారం చిరిగేవి, కుట్టలేక చచ్చేదాన్ని. నీది పదహారు. ఇస్త్రీ మడత నలక్కుండా తిరిగొచ్చేది. మరకంటూ ఉంటే నిక్కరు వెనకాల, బెంచీకి వేసిన ఆకుపచ్చ రంగు!"

ముసోండా తాగుతున్నది ముక్కులోంచి వచ్చింది. చిషాలా కూడా నవ్వబోయాడు గానీ మొహం మాట వినలేదు. పన్నెండేళ్ళు. ఒకటో నంబరువాడికి జ్వరం రావాలని ఒకే ఒక్కసారి కోరుకున్నాడు. ఆ పాపం కూడా ఫలించలేదు.

న్కాండు మాత్రం నవ్వలేదు. "మరి ప్రాక్టీసు బట్టలో?" అని ఎనెలెసిని అడిగింది.

ఎనెలెసి కుండలోంచి గరిటె పైకి తీసింది. "అవా... మోచేతుల దగ్గర గుడ్డంటూ మిగిలితేగా తల్లీ ఉతకడానికి," అంది, కోపం కాస్త తగ్గి. "పన్నెండేళ్ళూ అంతే."

న్కాండు అతనివైపు తిరిగింది. "నా దగ్గర రెండో కీపరు ఒకత్తి ఉంది. మూడు నెలలుగా ఆడించలేదు, మానేస్తానంటోంది. దాన్ని మీకు అప్పగిస్తే దానికేం చెప్తారు?"

చిషాలా గ్లాసు కింద పెట్టాడు.

"చెప్పడానికేం లేదమ్మా," అన్నాడు. "బెంచీ మీద ఆ పిల్ల పక్కన కూర్చుంటాను."