లైట్‌హౌస్ ముసలాయన

ఐర్లండ్ పడమటి తీరం. ఆసుపత్రి నుంచి అప్పుడే ఇంటికొచ్చిన డాక్టర్ సుధేష్ణ, ఆమె భర్త రాజ్‌కిరణ్.

"పంపించేశావా? ఆటోగ్రాఫ్ తీసుకోమన్నాను కదా సుధా!"

"పేషెంటుని ఆటోగ్రాఫ్ అడుగుతారా ఎవరైనా? న్యుమోనియా తగ్గింది, పొద్దున టాక్సీ ఎక్కించాం."

"డెల్మర్ ప్రాట్ అంటే నీకు లెక్కే లేదు. కుర్రతనంలో కౌబాయ్ వేషాలు, తర్వాత జడ్జీలు, ముసలితనంలో ఆ లైట్‌హౌస్ సీరియలు. నేను ఒక్క ఎపిసోడూ వదల్లేదు. అయినా మతి సరిగ్గా లేదన్నావుగా?"

"జ్వరంలో తికమక. తగ్గిపోయింది. ఇక్కడివాళ్ళ యాస నాకు సగం ఎక్కదు కదా. ఈ అమెరికా ఆయన మాత్రం ప్రతి మాటా ఎంత స్పష్టంగా..."

"ఏమన్నాడేంటి?"

"ఇంట్లో ఒంటరిగా ఎలా ఉంటారు అంటే, 'ఒంటరినా? గాలి తలుపు కొడుతుంది, నేను టీ పెడతాను, హెలెన్ పోట్లాడుతుంది' అన్నాడు. వార్డంతా నవ్వాం."

"మళ్ళీ చెప్పు. హెలెన్ అన్నాడా?"

"వాళ్ళావిడ."

"ఆయనకి పెళ్ళే కాలేదు సుధా. హెలెన్ సీరియల్లో భార్య. ఆ మాటలూ సీరియల్లోవే."

"ఊరుకో."

"ఒట్టు. తేదీ అడిగావా? ఏ ఊళ్ళో ఉన్నాడో అడిగావా?"

"అడిగాను... ఏదో జోకేశాడు. నర్సు అంటూనే ఉంది, ఒకసారి ఇల్లు చూసొచ్చాక పంపుదామని. బెడ్లు లేవు రాజ్. కారిడార్లో ట్రాలీల మీద పడి ఉన్నారు జనం."

"ముందు ఆయనకి ఫోన్ చెయ్యి."

"చేస్తున్నా... ఎత్తట్లేదు. ఎత్తట్లేదు రాజ్."

"గార్డ్స్‌కి చెయ్యి. పోలీసులైతే వెంటనే వెళ్ళి చూస్తారు."

"హలో... నేను డాక్టర్ సుధేష్ణని..."

"వెళ్తున్నారా?"

"వెళ్తున్నారట. చూసి చెప్తామన్నారు."

"కూర్చో. కాస్త మంచినీళ్ళు తాగు."

"వద్దు."

"సుధా, ఫోన్. వాళ్ళేనేమో."

"అవును, నేనే... ఎక్కడ?... సరే."

"ఏమన్నారు?"

"తలుపు బార్లా తీసి ఉందట. కెటిల్ మాడిపోయిందట. ఆయన... గట్టు కింద, నీళ్ళలో..."

"ప్రాణంతో ఉన్నాడా?"

"లేడు."

"ఇందులో నీ తప్పేం లేదు. జీవితమంతా జనాన్ని నమ్మించడమే ఆయన పని. నిన్నూ నమ్మించాడు."

"నమ్మించలేదు రాజ్. టాక్సీ ఎక్కుతూ నా చెయ్యి పట్టుకుని, ఇంకో టేక్ కావాలా అని అడిగాడు. నేనూ నవ్వేసి, అక్కర్లేదు, గ్రాండ్‌గా వచ్చింది అన్నాను."