చప్పుడు లేని ఎయిర్‌గన్

గురజాలలో మెకానిక్ షెడ్డు. పక్కింటి రైతు తన ఎయిర్‌గన్‌కు బిగించే సైలెన్సర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"దీన్ని ఎన్నాళ్లకోసారి కడగాల అబ్బాయ్?"

"రెండొందల దెబ్బలకోసారి కడిగితే చాలు బాబాయ్. కిందటిసారి ఎప్పుడు కడిగావు?"

"పది రోజులైంది. మళ్లీ జిడ్డు నిండింది."

"పది రోజుల్లో రెండొందలా? దేన్ని కొడుతున్నావు?"

"కొట్టను. బెదిరిస్తా. కల్లంలో కోతులు మిరపకాయల్ని బతకనియ్యట్లేదు."

"కోతిని బెదిరించాలంటే చప్పుడు గావాల. నువ్వేంది, చప్పుడు రాకుండా బెదిరిస్తున్నావా?"

"నీకెందుకురా? కడిగియ్యి."

"నా పావురాలు పదకొండు చచ్చినయ్. నా భార్య పెంచినయ్ అవి. ఆమె పోయాక నా ఇంట్లో ఉన్న ప్రాణాలు అవే. పిల్లి పనని చెప్పి, బోను కూడా తెచ్చిచ్చావు నువ్వు."

"మిరపకాయల మీద రెట్టలేస్తే ఎవడు కొంటాడు?"

"ఆ మాట నా మొహాన చెబితే గూటికి వల కట్టేవాణ్ణి."

"ఇప్పుడు కట్టుకో."

"ఇంకొకటే మిగిలింది. గుడ్ల మీద కూర్చుంది."

"ఆ సైలెన్సర్ ఇటియ్యి, పోతా."

మెకానిక్ సైలెన్సర్‌ను బల్లకు బిగించిన వైసు దవడల మధ్య పెట్టి, అది నలిగి చప్పిడి అయ్యేదాకా పిడి తిప్పాడు.

"తీసుకుపో బాబాయ్. ఆ మిగిలిన పావురాన్ని కొట్టేటప్పుడు ఊరంతా వినాల."