వరస తప్పిన అక్షరం

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో రేవు దగ్గరి ఆసుపత్రిలో, కంప్యూటర్ల గదిలో ఇద్దరే ఉన్నారు. ఒకాయన సర్వర్లు చూసే పెద్దవాడు, ఒకామె కింద వాకబు కౌంటర్‌లో కూర్చునేది. ఆమెకు ఆయన కుయా, అంటే అన్న; ఆయనకు ఆమె ఇండాయ్, అంటే చెల్లి.

"పాత సర్వర్‌లో వెతికితే రోడెల్ పెన్యరాండా దొరుకుతున్నాడు, ఇండాయ్. మీ కౌంటర్‌కి పెట్టిన కొత్తదాంట్లో దొరకడం లేదు."

"రెండిట్లోనూ ఒకే డేటాబేస్ అన్నారు కదా, కుయా?"

"డేటా ఒకటే. కొత్త సర్వర్‌ని వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద కట్టారు. పెన్యరాండాలో వచ్చే, నెత్తిన గీత ఉన్న 'ఎన్' అక్షరాల వరసలో ఎక్కడ రావాలో దాని లెక్క వేరు. పేరు ఒకచోట ఉంటే అది ఇంకోచోట వెతుకుతోంది."

"అంటే లాంచీ మునిగిన రోజు నుంచీ ఆ అబ్బాయి మన పై వార్డులోనే ఉన్నాడా?"

"ఉన్నాడు. ఇవాళ పొద్దున ప్రాణం పోయింది."

"అయ్యో దేవుడా! వాళ్లమ్మతో ఇక్కడ లేడని చెప్పింది నేనే. పాపం, ఆవిడ ఇంకా రేవులన్నీ తిరుగుతోంది."

"నువ్వేం చేస్తావు? తెర మీద కనిపించిందే చెప్పావు."

"కౌంటర్ అంచు పట్టుకుని, ఇంకొక్కసారి చూడమ్మా అని బతిమాలింది, కుయా."

"చూశావా?"

"చూశాను. మళ్లీ లేడనే వచ్చింది."