రెండోసారి ఆపిన గుండె

సభకు అధ్యక్షత వహిస్తున్న శశిధర్ గారికి, మొయినాబాద్ పెద్దలకు, చేవెళ్ల నుంచి పనులు మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా గుండె డాక్టర్ దయానందం గారికి నమస్కారం. నా పేరు సంజన. షాబాద్ దగ్గర మాకు చామంతి తోట ఉంది. మైకు ముందు నిలబడడం ఇదే మొదలు, తడబడితే మన్నించండి.

ముప్పై ఎనిమిదేళ్ల వయసులో పూలు కోస్తూ కళ్లు తిరిగి పడిపోయాను. అంతకుముందు కూడా కాస్త వేగంగా నడిస్తే ఆయాసం వచ్చేది. అందరూ నీరసమన్నారు, నేనూ అదే అనుకుని టానిక్కులు తాగాను. ఆదివారాలు చేవెళ్లకు వచ్చి రోగులను చూసే దయానందం సారు మాత్రం స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు, స్కానింగు చేయించారు.

"గుండెలకెల్లి రక్తం బయటికి పోయే దారిల ఒక పొర అడ్డమున్నది బిడ్డా. పుట్టుకతోనే వచ్చింది. మందులతోని పోదు, కోసి తియ్యాలె" అన్నారు.

"గుండెను ఆపుతరా సారూ?" అని మా అత్తమ్మ అంతమ్మ ఏడుపందుకుంది. అదిగో, మూడో వరుసలో తల దించుకుంది చూడండి. (నవ్వులు)

"ఆపుతం అవ్వా. అంతసేపు మిషినే రక్తాన్ని నడిపిస్తది. ఫికరే లేదని అబద్ధం చెప్ప. కానీ గిట్లనే వదిలేస్తే ఇంకా కష్టం."

ధైర్యం చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు కానీ, నన్ను ఒప్పించింది ఆ మాటే.

ఆపరేషన్ అయ్యాక నేను లేచి కూర్చోగలిగిన రోజు సారు మంచం పక్కకు వచ్చారు. "పొర తీసి గుండెను నడిపించినంక చూస్తే దారి ఇంకా ఇరుకుగనే ఉన్నది. నాకు మనసొప్పలే. మళ్ల ఆపి, లావెక్కిన కండ గూడ కొంత తీసిన. నీకు తెల్వాలె" అన్నారు.

సార్, మీరు చెప్పకపోతే అది మాకెవరికీ తెలిసేది కాదు. అంతటితో కుట్లు వేసి పంపించినా మీ కాళ్లకు దండం పెట్టి వచ్చేవాళ్లం. నాలాంటి ఒక పూల రైతు కోసం, గుండెను రెండోసారి ఆపే ముప్పు తెలిసీ అంత భారం నెత్తిన వేసుకున్నారు.

పొర మళ్లీ పెరగొచ్చని కూడా ఆయనే చెప్పారు, అందుకే ఏటా పరీక్షకు వెళ్తున్నాను. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన నా గుండె విని, స్టెతస్కోపు మా అత్తమ్మ చెవులకు పెట్టారు.

ఆమె కళ్లు మూసుకుని విన్నది. "కొట్టుకుంటున్నది సారూ" అన్నది.

"గంతే అవ్వా. మనకు గది చాలు" అన్నారాయన.

సార్, మీకు మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు. ఓపికగా విన్న మీ అందరి దగ్గరా ఇక సెలవు తీసుకుంటాను.