రూతమ్మకు చదివి చెప్పిన వాగ్దానం

"పెద్దమ్మా, ఆదివారం అమ్మను తల్సుకునే ఆదరణ కూటంల నువ్వు నాలుగు మాటలు చెప్పాలె. అందరు నిన్నే అడుగుతున్నరు."

నన్నా? నేనేం చెప్పాలె సలోమీ, మీ అమ్మ గురించి? చెప్పెటోళ్లు ఈ లింబాయత్ బస్తీ నిండ ఉన్నరు. ఆ సెల్లు ఎందుకు నా మొకం మీద పెట్టినవు, రికార్డు అయితున్నదా? కానీ తియ్. వింటనంటె చెప్త గని మధ్యల లేవకు.

మీ అమ్మ రూతు నాకు యారాలు. నిజం చెప్పాల్నంటె నాకు ఆమె మీద కుళ్లు. పోయింది కదా అని ఇయ్యాల అబద్ధం చెప్పలేను. మీ పెద్దనాయిన, మీ నాయిన అన్నదమ్ములాయె, ఇద్దరు ఒకటే కార్ఖానల బట్ట నేసే సాంచలు నడిపిరి. ఒకటే గల్లీ, ఒకటే నల్లా. గప్పుడు షేరింగ్ ఆటోకు స్టేషన్ దాక రెండు రూపాలే... మూడో ఏమో. నల్లా కాడ నిలబడితె అందరు "రూతమ్మా, మా పిలగాని కోసం జర ప్రార్థన చెయ్యి" అని ఆమెనే అడుగుదురు. పక్కన నేను లేనా? పెద్దకోడల్ని నేను! నేను ప్రార్థన చేస్తుంటె ఎనక ఆవులించుడు వినవడేది. ఆమె "తండ్రీ" అన్నదంటె చాలు, అందరి కొంగులు కండ్లకు పోయేటియి. నాకు ఒళ్లు మండేది.

ఆమెకు లేనిది నాకు ఉన్నది ఒక్కటే, చదువు. ఐదో తరగతి దాక చదివిన. మీ అమ్మకు అచ్చరం ముక్క రాదు, మీరేమో గుజరాతి బడి పిల్లలు. ఊరి నుంచి ఉత్తరం వచ్చినా, పాటల పుస్తకం తెరిచినా నా కాడికే రావాలె. గదొక్కటే నాకు తృప్తి.

ఆ ఏడాది నీకు ఎనిమిదేండ్లు. కాదు, ముందటి పండ్లు ఊడినయ్ కదా, ఏడే. దీపావళి ముంగట మీ పెద్దనాయిన కుడిచెయ్యి సాంచను తిప్పే పట్టాల పడ్డది. కుట్లేసిండ్రు గని చీము పట్టింది. ఎన్ని సూదులేసినా తగ్గకపాయె. ఇట్లనే ఉంటె మణికట్టు కాడికి తీసెయ్యాలె అన్నడు డాక్టరు. సాంచ నడిపెటోనికి కుడిచెయ్యి లేకపోతె ఏముంటది చెప్పు? కంచం ముంగట కూసుంటె ముద్ద దిగకపోయేది నాకు.

జనవరి ఒకటో తారీఖు పొద్దుగాల ఆరాధనల మనకు వాగ్దానాలు ఇస్తరు కదా, స్టీలు పళ్లెంల కార్డులు బోర్లేసి. ఎవరి చేతికి ఏ వాక్యం వస్తె అదే ఆ ఏడాదికి దేవుడిచ్చిన మాట. నేను కండ్లు మూసుకోని తీసిన. ఏమొచ్చింది? నా దయ ఉన్నది, నీకు అది చాలు అని వచ్చింది. చాలునట! మనిషి చెయ్యి పోతుంటె చాలంటడేంది ఈయన అని దేవుని మీదనే కోపం చేసిన. గంతల మీ అమ్మ వచ్చి "అక్కా, నాదాంట్ల ఏమున్నదో జర చదువు" అని కార్డు నా చేతుల పెట్టింది. అండ్లేమో, నీ గాయాలు మాన్పుత, నీకు ఆరోగ్యం ఇస్త అని ఉన్నది.

ఈమెకే రావాల్నా ఇది కూడ?

రెండు కార్డులు నా చేతులనే ఉన్నయ్ బిడ్డా. నాది ఆమెకిచ్చి, "దయ చాలు అని వచ్చింది రూతూ" అన్న. ఆమెది నా రైకల దోపుకున్న. ఆమె దేనికోసం ఏడుస్తున్నదో నాకు తెల్వదా? నీకు అప్పటికి రెండేండ్ల సంది ఫిట్స్ వస్తుండె. తెల్వక చేసిన పని కాదు. తెల్సే చేసిన.

మీ పెద్దనాయినకు రెండు వేళ్లు పోయినయ్, చెయ్యి మిగిలింది. మల్ల సాంచల కాడికి పోయిండు. నాకు సంతోషం ఉండాలె కదా? ఉన్నది, ఎండకాలం దాక. ఒకనాడు నల్లా కాడ నువ్వు బిందెల మధ్యల పడిపోయి కొట్టుకుంటున్నవు. మీ అమ్మ నిన్ను పక్కకు తిప్పి పండవెట్టి, తల కింద కొంగు మడిచి పెట్టి, "నీ దయ చాలు తండ్రీ, నీ దయ చాలు" అంటున్నది. నేను చదివిన మాట! పిల్లకు ఏమన్నయితె ఆ పాపం నాదే అనుకున్న.

నువ్వు లేచి నీళ్లు తాగినంక ఆమెను ఇంట్లకు గుంజుకపోయి, దాచిన కార్డు తీసి, చేసిందంత చెప్పిన. ఏమన్నదో ఎరుకనా?

"నాకు తెల్సక్కా" అన్నది.

పళ్లెం పట్టుకున్న పాస్టరమ్మ అప్పుడే ఆమె చెవుల చదివి చెప్పిందట. నా నోట ఇంకోపారి విందామని నాకిచ్చిందట! మరి అప్పుడే నా జుట్టు ఎందుకు పట్టుకోలేదే అంటె, "నా కార్డు నువ్వు రైకల దోపుకుంటుంటె సూసినక్కా. బావ చెయ్యి కోసమే అని తెల్సింది. ఉండనీ అనుకున్న" అన్నది.

"పిల్ల గురించి భయం కాలేదానే నీకు?"

"ఎందుకు కాదక్కా, రోజు అయితది. భయం అయినప్పుడల్ల నువ్విచ్చిన కార్డు పట్టుకోని కూసుంట. చదువొస్తదా ఏంది నాకు, ఉత్తగ పట్టుకుంట. గంతల మనసు కుదురుకుంటది. నిజంగనే సరిపోతున్నదక్కా."

ఆరోజు అయినంత కుళ్లు నాకు జన్మల కాలేదు సలోమీ. ఆమె ప్రార్థన మీద కాదు, పేరు మీద కాదు. గంత భయంల అట్ల కూసోగలిగింది సూడు, దాని మీద. నాకు రాలే అది. చదువొచ్చిన నాకు రాలే. ఒక్కమాట తిట్టి ఉంటె నా కడుపుల బరువు అప్పుడే దిగిపోయేది. తిట్టలే. చాయ్ పెట్టిచ్చింది.

తర్వాత పెద్ద దవాఖాన మందులతోని నీకు తగ్గింది, దేవుని దయ. గని ఆ మాట నీకోసం వచ్చింది, నీ కాడికెల్లి గుంజుకున్నది నేను. మీ అమ్మ తిట్టలే, నువ్వన్న తిట్టు. అయ్యో, ఏడుస్తవేంది? చెయ్యెందుకు పట్టుకుంటవు, తిట్టుమంటుంటె! అచ్చం ఆమె లెక్కనే ఉన్నవు గదనే... ఇటు రా. తల మీద చెయ్యి పెట్టనీ. దేవుడు నిన్ను సల్లగ సూడాలె బిడ్డా. మీ అమ్మంత మంచిదానివి మాత్రం కాకు. పక్కనున్నోళ్లు బత్కలేరు.