మీ ఇష్టం అంటే

అది కాదు చెల్లీ, "మీ ఇష్టం అక్కా" అంటే నేనేమనుకోవాలి? సరేనన్నావనే కదా అనుకుంటాను. వద్దనుకుంటే వద్దని నోరు తెరిచి అనొచ్చుగా. బట్టలు తర్వాత మడతపెడుదువుగానీ, ముందు ఇటు చూడు.

మొన్న మా కట్టుబడి పని ఆపించడానికొచ్చిన ఆ మున్సిపల్ ఆఫీసాయన ఏమన్నాడో తెలుసా? ప్లాను పాసైన కాగితం దర్జాగా ఆయన చేతిలో పెట్టాను. "ఇది మీ స్థలానికమ్మా, గోడ ఇద్దరిదీ కదా, పక్కవాళ్ళ సంతకమేది?" అన్నాడు. పక్కిల్లు మా తోడికోడలిదేనండీ, నోటితో ఒప్పుకుంది, మీ ఇష్టం అంది అన్నాను.

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "మా ఆవిడ కూడా అంటుందమ్మా. మీ ఇష్టం అందంటే నేనింక ఆ పని జోలికే పోను" అన్నాడు. వెనక మేస్త్రీ కూడా కిసుక్కుమన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఫిర్యాదు పెట్టింది నువ్వేనని తెలుసులే. మా మేస్త్రీ గోడ కొడుతుంటే నీ వంటింట్లో పెచ్చులూడి పొయ్యి మీద పడ్డాయటగా. నీ చోట నేనుంటే ఆఫీసు దాకా కూడా వెళ్ళేదాన్ని కాదు, అక్కడే జుట్టు పట్టుకునేదాన్ని.

మరిదిని కూడా కదిపి చూశాను. "ఇల్లు తన పేరున ఉంది వదినా, తన్నే అడుగు, నన్ను మధ్యలోకి లాక్కు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఎప్పుడు తేల్చాడు గనక.

ఏంటి? అడగలేదా? గోడ మీంచి పిలిచి మరీ అడిగానే.

సరే, అప్పటికే మేస్త్రీ సుత్తి పట్టుకుని నిలబడ్డాడు, ఆ మాట నిజమే. దాన్ని అడగడం అనరు, చెప్పడం అంటారంటావ్. నువ్వు కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నీకు అన్నీ చెప్పడమే గానీ ఒక్కటీ అడిగింది లేదంటావ్. అవునేమో. ఈ ఇంటికి పెద్దకోడలిగా వచ్చాను, అడగడం నాకెవరు నేర్పారు?

ఇంతకీ నేనేమన్నా మేడలు కడుతున్నానా? ఒక్క బాత్రూం. ఉన్నదేమో పైన. మీ బావగారికి కాలూ చెయ్యీ పడిపోయాక ఆ మెట్లు మా ప్రాణం తీస్తున్నాయి. చంకలో చెయ్యేసి ఒక్కో మెట్టూ ఎక్కించేసరికి ఇద్దరికీ ఆయాసం. ఓ రోజు సగంలో కూలబడ్డాం. లేవలేక ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. కింద వెనకవైపు వేసుకుందామంటే, ఇంత సందులో దూలం ఆ గోడ మీద ఆనించక తప్పదు.

ఇదిగో, ఒప్పందం రాయించి తెచ్చాను. ముందు నీ వంటింటి గోడ బాగుచేయిస్తాను, అది నీకు నచ్చాకే నా పని మొదలవుతుంది, రేపు మళ్ళీ ఏ పగులొచ్చినా పూచీ నాదే అని ఉంది. చదువుకో. నచ్చని చోట కొట్టేసి నీకు కావాల్సింది రాయి.

కాగితం పక్కన పెట్టి మళ్ళీ ఆ బట్టలే మడతపెడతావేంటి. కనీసం తిట్టు, పడతాను.

ఈ మాట చెప్పకూడదనుకునే వచ్చాను. పని ఆగినప్పట్నుంచీ మీ బావగారు సరిగ్గా మంచినీళ్ళు తాగట్లేదు. గ్లాసు ఇస్తే పెదాలు తడుపుకుని పక్కన పెట్టేస్తున్నారు. దాహం లేదంటారు. ఇంత ఎండల్లో దాహం లేకపోవడమేంటి? పైకి వెళ్ళే పని తగ్గుతుందని. నా నడుంనొప్పి చూసి.

నాకు భయంగా ఉంది చెల్లీ. నా మీద కోపం నీ దగ్గరే ఉంచుకో, పోగొట్టుకోమని అనను. నాతో మాట్లాడకపోయినా సరే. నిన్ను అడుగుతున్నాను, ఆయన్ని నీళ్ళు తాగనియ్యి.